ఏ మందని ఎవరూ అడగలేదు

ఈసారి రక్తపరీక్ష బాగా వచ్చింది. డాక్టరమ్మ కాగితం చూసి, "ఇక ఆరు నెలల దాకా రానక్కర్లేదు" అంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, ఈ జబ్బు గురించి ఇక ఎవరితోనూ మాట్లాడకూడదు అనుకున్నాను. బస్సెక్కేసరికి మనసు మారింది. నేను మాట్లాడకపోతే నా గురించి వాళ్ళు అనుకున్నదే మిగిలిపోతుంది. అందుకే రాస్తున్నాను. థైరాయిడ్ సరిగ్గా పనిచెయ్యని మనిషికి ఏమవుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్ళకి పనికొస్తే సంతోషం. పనికిరాకపోయినా, ఎవరు నన్ను ఏమన్నారో ఒకచోట రాసి ఉంటుంది.

నేను క్రేను నడుపుతాను. కూర్మన్నపాలెం దాటాక, పెద్ద ఉక్కు ప్లాంటు చుట్టూ పుట్టుకొచ్చిన చిన్న మిల్లుల్లో ఒకదానిలో పని. ఇనుప దిమ్మెలను కాల్చి చువ్వలు లాగే మిల్లు. దాని పేరు రాయను. లోపల కప్పు కింద, పట్టాల మీద అటూ ఇటూ తిరిగే క్రేనుకి ఒక చిన్న గది వేలాడుతూ ఉంటుంది. అందులో ఒక కుర్చీ. కింద ఖలాసీగా చేరి, ఏళ్ళ తరబడి కట్టలకి కొక్కేలు తగిలించి, పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి పని నేర్చుకుని ఎక్కిన కుర్చీ అది.

పైన కూర్చున్నవాడికి కింది మాట వినపడదు. కింద ఒకడు నిలబడి చేతులతో సైగ చేస్తాడు. వాడి వేలు తిరిగితే ఎత్తాలి, అరచెయ్యి వాలితే దించాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. నాకు సైగ చేసేవాడు కనకరాజు. నా భార్య గౌరికి తమ్ముడు. నేనే తీసుకొచ్చి మిల్లులో పెట్టించాను. వాడు పిడికిలి బిగించేదాకా కూడా ఆగేవాణ్ణి కాదు, భుజం కదిలిందంటే ఆపేసేవాణ్ణి. అలా సాగేది మా పని.

వానాకాలం

మొదట వచ్చింది చలి. వానలు పడుతున్నా ఉక్కపోసి చంపే రోజులు. ఫర్నేసు తలుపు తెరిస్తే పైన నా గది దాకా సెగ కొట్టేది. తక్కిన వాళ్ళు చొక్కాలు పిండుకుంటుంటే నేను లోపల స్వెట్టరు వేసుకుని కూర్చునేవాణ్ణి. భోజనాల దగ్గర కనకరాజు అందరికీ నన్ను చూపించాడు.

"మా బావకి సలేత్తందంట్రా! ఫర్నేసులోకి దింపీండి, ఎచ్చగా ఉంటాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి ఇంకా నవ్వగలిగేవాణ్ణి.

తర్వాత ఒళ్ళు బరువెక్కింది. తిండి తగ్గినా బరువు పెరిగాను. పొద్దున లేస్తే ముఖం ఉబ్బి కళ్ళు సగమే తెరుచుకునేవి. చేతుల మీద గోటితో గీస్తే తెల్లగా గీత పడేది. క్రేను నిచ్చెన మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కాల్సి వచ్చేది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది మాట. నాలుక నోటికి ఎక్కువైనట్టు మాట ముద్దగా వచ్చేది. గొంతు బొంగురుపోయింది. ఫోన్లో మా పెద్దమ్మ నా మాట విని, "ఎవులు బాబూ మాటాడతన్నది? మా సన్యాసిరావుకి ఇయ్యీ" అంది. నేనే పెద్దమ్మా అంటే నమ్మలేదు.

జంక్షన్లో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా పొట్టను పెన్నుతో పొడిచి, "తిండి తగ్గించండి, వాకింగ్ చెయ్యండి" అన్నాడు. నీరసానికి ఏవో బలం బిళ్ళలు రాసి, పొద్దున్నే ఒకటి వేసుకోమన్నాడు. నా చెయ్యి పట్టుకుని చూడలేదు. పట్టుకుని ఉంటే ఎంత చల్లగా ఉందో తెలిసేది. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే ఆయన బోర్డు మీద పేరు పక్కన ఉన్న అక్షరాలన్నీ చదువుకుంటూ వెళ్తాను.

మా ఇళ్ళలో బిళ్ళను మందనే అంటాం. "మందేసుకున్నావా?" అని గౌరి రోజూ గుమ్మం దగ్గర అడిగేది. ఏసుకున్నాను అనేవాణ్ణి. జ్వరం బిళ్ళకీ, సారా సీసాకీ ఒకే మాట ఎవరు పెట్టారో గాని నా కొంప ముంచారు.

ఆ రోజు పొద్దుటి షిఫ్టు. చువ్వల కట్ట ఎత్తి లారీ వైపు తీసుకెళ్తున్నాను. కనకరాజు పిడికిలి బిగించడం చూశాను. చూశానని నాకు బాగా తెలుసు. చెయ్యి లివరు మీదే ఉంది. కన్ను చూసిన సంగతి చేతికి చేరేలోపు ఎక్కడో ఆలస్యమైపోయింది. కట్ట ఊగుతూ వెళ్ళి పక్కనున్న రేకు గోడకి కొట్టుకుంది. కనకరాజు అవతలికి దూకాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గోడ నలిగింది.

నేను దిగేసరికి షిఫ్టు ఇన్‌చార్జి ప్రసాద్ గారు నిచ్చెన కింద నిలబడి ఉన్నాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి. చుట్టూ షిఫ్టు మొత్తం. ఆయన నా ఉబ్బిన ముఖం చూశాడు, కళ్ళు చూశాడు.

"ఏంటయ్యా సన్యాసిరావూ, మందేసుకున్నావా?"

"ఏసుకున్నాను సార్."

"ఎప్పుడు?"

"పొద్దున్నే సార్. బయల్దేరీ ముందల."

"పొద్దున్నేనా! ఎంతేసుకున్నావ్?"

"రెండు సార్. ఒకటైతే పన్చెయ్యట్నేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు తెలియలేదు. ఆ రోజుల్లో ఏ సంగతీ వెంటనే బుర్రకెక్కేది కాదు. ప్రసాద్ గారు కనకరాజు వైపు తిరిగాడు.

"మీ బావ రోజూ ఇలా తాగే వస్తాడా?"

అప్పుడు తెలిసింది. "బిళ్ళ సార్, నాను సెప్పింది బిళ్ళ" అన్నాను. నాలుక మడతపడి ఆ మాట కూడా ముద్దగా వచ్చింది. తప్పతాగినవాడు ఎలా అంటాడో సరిగ్గా అలాగే అన్నాను. మళ్ళీ నవ్వారు. నేను కనకరాజు వైపు చూశాను. వాడు నేల వైపు చూస్తున్నాడు.

"నాకు తెల్దు సార్" అన్నాడు.

నాకు తెల్దు! వారంలో సగం రోజులు మా ఇంట్లో అన్నం తినేవాడు. నా పెళ్ళిలో మందు పోయించలేదని వాళ్ళ ఊరివాళ్ళు ఇప్పటికీ నన్ను ఎత్తిపొడుస్తారు, ఆ సంగతి పదిమందికి చెప్పి నవ్వించేది కూడా వాడే. అయినా వాడికి తెలియదు.

నన్ను కుర్చీ నుంచి దింపేశారు. మర్నాడు మందుల చీటీ, బిళ్ళల అట్ట పట్టుకెళ్ళి చూపించాను. ప్రసాద్ గారు అట్ట అటూ ఇటూ తిప్పి, "రాత్రంతా కూర్చుని బాగానే ఆలోచించావయ్యా" అని తిరిగి ఇచ్చేశాడు. నా కుర్చీలో కనకరాజును కూర్చోబెట్టారు. క్రేను వాడికి వచ్చు. తీరిక దొరికినప్పుడల్లా పైకి పిలిచి నేర్పింది నేనే. కింద నిలబడి సైగలు చేసే పని నాకొచ్చింది. నా బావమరిదికి నేను వేలు తిప్పి చూపించాలి.

చలికాలం

కట్ట గోడకి కొట్టుకున్న రోజు నేను ఇల్లు చేరేలోపే సంగతి చేరింది. గౌరి ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నేను తాగిన గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. టిఫిన్ బాక్సు సంచి దులిపేది. నాతో మాట్లాడుతూ నా ముఖం దగ్గరికి వంగేది. ఎందుకు వంగుతోందో నాకు తెలుసు. తెలుసని దానికీ తెలుసు. ఒకరోజు ఆగలేక, "ఊదమంటావేటి?" అన్నాను. "నాను ఏటీ అన్నేదు కదా" అని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత మా అత్త వచ్చింది. ఆనందపురం దగ్గర పల్లెలో ఉంటుంది. బంతిపూలు వేస్తారు. పెళ్ళయిన నాటి నుంచి నేను తిన్నానా లేదా అని అడిగిన మనిషి కాదు. అలాంటిది, ఈసారి వచ్చి పీట దగ్గరే కూర్చుని నాకు వడ్డించేది.

"అల్లుడా, పప్పు ఇంకొంచెం ఎయ్యమంటావా? తిను నాయినా, మొకం పీక్కుపోనాది."

ముఖం ఉబ్బిపోయి ఉంది, పీక్కుపోలేదు. అయినా ఆ మాటకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిల్లులో అందరూ వెనక నవ్వుతుంటే ఇంట్లో ఒక్కరైనా కనికరించారు అనుకున్నాను. ఆ నాలుగు ముద్దలూ తిన్న కాసేపటికి వాంతి అయ్యేది. జబ్బు ముదురుతోందనుకున్నాను. రోజూ తినేవాణ్ణి, రోజూ కక్కేవాణ్ణి. పెరట్లో వంగి ఉంటే అత్త వీపు నిమిరేది కూడా.

ఒకరోజు మిల్లు నుంచి తొందరగా వచ్చేశాను. వంటింట్లో ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.

"అమ్మా, ఇంకెన్నాళ్ళే? మనిషి నిలబడనేకపోతన్నాడు."

"మందు మాన్పించే మందు అలగే ఉంటాది. కక్కినకొద్దీ ఇరక్తి పుడతాది. నువ్వు నోరు మూసుకో."

నేను గుమ్మంలో నిలబడ్డాను. గౌరి చేతిలో గరిటె ఆగిపోయింది. అత్త చేతిలో బూడిదరంగు పొడి పొట్లం ఉంది. దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"ఏటది?" అన్నాను.

"మా ఊరికాడ ఒకాయన ఇత్తన్నాడు. ఎంతమంది మానీసినారో తెలుసా?"

"తాగనోడి సేత ఏటి మాన్పిత్తావ్ అత్తా?"

"అందరూ అలగే అంటారు నాయినా. ఆయన ముందే సెప్పినాడు, 'తాగనేదు అనే అంటారు' అని."

తాగినవాడు తాగలేదంటాడు, తాగనివాడూ అదే అంటాడు. గౌరి వైపు చూశాను.

"నువ్వు కూడా నమ్మినావా?"

"నీ మాట నువ్వే ఇనుకో ఒకపాలి" అంది ఏడుస్తూ. "నీ నడక సూసుకో. నా తమ్ముడే తెల్దన్నాడు. నానేటి సెయ్యాల?"

మర్నాడు బస్సు ఆగేచోట పడిపోయాను. ఎవరో ఆటోలో ఎక్కించారు. ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రి. కళ్ళు తెరిచేసరికి గౌరి, అత్త మంచానికి చెరోపక్కా ఉన్నారు. డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. రాసుకుంటూ అడిగింది.

"మందు అలవాటుందా?"

"ఏ మందు?" అన్నాను.

ఆ అమ్మాయి రాయడం ఆపి నా వైపు చూసింది. అత్త నోరు తెరిచింది. అమ్మాయి చెయ్యెత్తి ఆమెను ఆపి, "మద్యం అండీ. లిక్కర్. తాగుతారా?" అని విడమర్చి నన్నే అడిగింది.

లేదన్నాను. సరే అని రాసుకుంది. లేదన్నాను, సరే అంది. అంతే. అంతకుముందు ఇంతమందిలో ఒక్కరూ చెయ్యని పని అది.

నాడి చూడటానికి చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఇంత చల్లగా ఉన్నాయేంటి మీ చేతులు?" అంది. మాట ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగింది. చలేస్తోందా అని అడిగింది. మడమ వెనక చిన్న సుత్తితో కొట్టి, పాదం ఎంత తీరిగ్గా వెనక్కి వస్తోందో చూస్తూ నిలబడింది. రక్తం తీయించింది. సాయంత్రానికి కాగితం వచ్చింది. గొంతు దగ్గర ఉండే గ్రంథి దాదాపు పని మానేసిందని, ఒళ్ళంతా అందుకే నెమ్మదించిందని, మాట, చూపు, చెయ్యి అన్నీ అందుకేనని చెప్పింది. బిళ్ళలతో బాగవుతుందట. రోజూ వేసుకోవాలి, జీవితాంతం.

గౌరి నా కాళ్ళ దగ్గర కూర్చుని దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను అత్త వైపు చూశాను. ఏదైనా అంటుందేమోనని ఎదురుచూశాను. అంది.

"సూసినావా అల్లుడా, నా పొడి తిన్బట్టే రోగం బయటపడ్డాది."

ఇప్పటికీ వాళ్ళ ఊళ్ళో అలాగే చెప్పుకుంటోంది.

ఎండలు ముదిరాక

జబ్బు పేరు తెలిసింది కదా, కుర్చీ వచ్చేస్తుందనుకున్నాను. రిపోర్టు తీసుకుని ప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళాను.

"థైరాయిడా? అది ఆడోళ్ళకి కదయ్యా వచ్చేది! మా ఆవిడకుంది" అన్నాడు. "సరే, తగ్గించుకో. అప్పుడు చూద్దాం. కానీ ఆ రోజు నీ నోటితో నువ్వు చెప్పింది పదిమంది విన్నారుగా."

మధ్యాహ్నానికల్లా మిల్లు మొత్తం తెలిసింది. టీ దగ్గర ఒకడు, "సన్యాసిరావూ, పుల్ల మావిడికాయ తెమ్మంటావేటి?" అన్నాడు. నిన్నటిదాకా తాగుబోతును, ఆ పూట నుంచి ఆడంగిని. అలా అన్నవాడి పేరు నాకు గుర్తుంది. రాయడం లేదు, అంతే.

ఆ పెద్ద ఆసుపత్రిలోనే థైరాయిడ్ డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమె గది బయట హాలు నిండా ఆడవాళ్ళే. మొదటిసారి వెళ్ళినప్పుడు గౌరి తోడు వచ్చింది. కౌంటరులో అమ్మాయి గౌరినే బరువు చూసే మిషను ఎక్కమంది. తర్వాతసారి ఒక్కణ్ణే వెళ్ళాను. "పేషెంటు రాలేదాండీ? మేడం చూడకుండా రాయరు" అంది. నేనే పేషెంటునన్నాను. పేరు అడిగింది. చెప్పాను. నా మాట ముద్దగా ఉంది కదా, హాలంతా వినపడేలా "సన్యాసమ్మ గారూ" అని పిలిచింది. పకపకా నవ్వులు. లేచి వెళ్ళాను. సరిదిద్దలేదు. సరిదిద్ది సరిదిద్ది అలిసిపోయి ఉన్నాను.

ఆ హాల్లో నాకు ఒక్కటే మంచి జరిగింది. మే నెల ఎండ, అందరూ ఫ్యాను కింద కుర్చీల కోసం కొట్టుకుంటున్నారు. నాకు దొరికింది సరిగ్గా ఫ్యాను కిందే. చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతున్నాను. పక్కన మల్కాపురం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. నన్ను కాసేపు చూసి, లేచి, గోడ దగ్గరికి నడిచి, ఫ్యాను కట్టేసింది. హాలంతా ఒక్కసారి అరిచింది.

"ఓలమ్మ, ఉడికి సత్తన్నామే! ఎయ్యే ఫ్యాను!"

"మీకు ఉడుకు, ఈ బాబుకి సలి" అందామె. "ఇక్కడికొచ్చినోళ్ళందరికీ ఒకప్పుడు సలేసినదే. ఎవులికి ఎయ్యనేదో సెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. ఆమె చెంగుతో చెమట తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. కౌంటరులో నా పేరు పిలిచేదాకా ఫ్యాను తిరగలేదు. ఆమె పేరు అడగలేదని నాకు బాధ. నన్ను అవమానించిన వాళ్ళ పేర్లన్నీ తెలుసు, ఆమెదే తెలియదు.

బిళ్ళలు మొదలుపెట్టి ఒక పరీక్ష అయింది, రెండో పరీక్ష అయింది. కాగితంలో పెరిగిపోయిన థైరాయిడ్ అంకె దిగడం లేదు. డాక్టరమ్మ మోతాదు పెంచింది. మళ్ళీ పెంచింది. "రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగింది. ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు తెలుసు. గౌరి గ్లాసు వాసన చూసినప్పుడు ఉన్నదే. వేసుకుంటున్నానన్నాను. ఒక్క రోజు కూడా మానలేదు, కుర్చీ కోసమైనా మానను కదా.

ఇక్కడ ఒక మాట. మాకు షిఫ్టులు మారుతుంటాయి. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. చీటీలో "పొద్దున్నే పరగడుపున" అని ఉంది. నేను చీటీలో ఉన్నట్టే చేశాను. రాత్రి షిఫ్టు వారాల్లో, డ్యూటీ దిగి, గేటు బయట అందరితో బన్ను, టీ తీసుకుని, ఇంటికొచ్చి స్నానం చేసి, టిఫిను తినకముందు బిళ్ళ వేసుకునేవాణ్ణి. టిఫిను తినకపోతే పరగడుపే అని నా లెక్క. గేటు దగ్గర టీని ఎవరు తిండి కింద లెక్కేస్తారు? మా మిల్లులో ఎవరినడిగినా అదే చెబుతారు. మధ్యాహ్నం షిఫ్టు వారాల్లో అయితే లేవగానే టీ, ఆ తర్వాతే బిళ్ళ.

మూడోసారి డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "పొద్దున్నే అంటే మీకు ఎప్పుడు?" అని అడిగింది. షిఫ్టుల సంగతి చెప్పాను. బన్ను సంగతి, బలం బిళ్ళల సంగతి చెప్పాను. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

"మీరు ఎప్పుడు నిద్రలేస్తే మీకు అదే పొద్దున్న. మధ్యాహ్నం లేస్తే మధ్యాహ్నమే. లేవగానే మంచినీళ్ళతో బిళ్ళ. గంట దాకా టీ కూడా వద్దు. ఆ బలం బిళ్ళలు ఇంకా వేసుకుంటుంటే వాటిని దీనితో కలిపి వేసుకోకండి, చాలా గంటలు ఎడం ఉండాలి."

సూర్యుణ్ణి చూసి పొద్దున్న అనుకునేవాళ్ళు రాసిన చీటీ అది. ఈ ప్రశ్న మొదటిరోజే అడిగి ఉంటే నా ఎండాకాలం మిగిలేది. ఆ మాట ఆమెతోనే అన్నాను. "నిజమే, అడగాల్సింది" అంది. అలా ఒప్పుకున్నందుకు ఆమెను క్షమించాను. నేను క్షమించినవాళ్ళు తక్కువ, ఆమె అందులో ఉంది.

ఆ తర్వాత మార్పు వచ్చింది. ఒక మధ్యాహ్నం కట్టకి కొక్కెం తగిలిస్తుంటే కంట్లోకి ఏదో కారి మండింది. తుడుచుకున్నాను. చెమట. చొక్కా వీపుకి అంటుకుంది. పక్కవాళ్ళు ఎండను తిడుతున్నారు. నేను అక్కడే నిలబడి చేతిని చూసుకుంటూ ఉండిపోయాను.

మళ్ళీ వానలు

అంకె దారికొచ్చింది. మాట తేటపడింది. ఇప్పుడు పనిచేసుకోవచ్చని డాక్టరమ్మ రాసిచ్చింది. ప్రసాద్ గారు చదివి, "సరే, సోమవారం నుంచి ఎక్కు" అన్నాడు.

"ఎక్కుతాను సార్. ఆ రోజు నాను తాగనేదని అందరి ముందల సెప్పండి."

"అదంతా ఇప్పుడెందుకయ్యా? కుర్చీ ఇస్తున్నాగా."

"అందరి ముందలే అన్నారు సార్. అందరి ముందలే సెప్పండి."

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. సోమవారం నేను ఎక్కలేదు. కిందే నిలబడ్డాను. గేటు దగ్గర కనపడితే అడిగాను, టీ దగ్గర అడిగాను, ఆయన ఫోను మాట్లాడుతుంటే పక్కన నిలబడి, అయ్యాక అడిగాను. ఆయన నన్ను చూసి దారి మార్చుకునే దాకా వచ్చింది. ఇంట్లో గౌరికి ఓపిక పోయింది.

"ఇత్తానంటే ఒద్దంటావేటి? నీకు కుర్చీ కావాలా, మాట కావాలా?"

"రెండూ."

"ఆ కుర్చీలో కూకున్నోడు నా తమ్ముడు. నువ్వెక్కితే ఆడు దిగాల. అదైనా తెలుసా నీకు?"

"ఆ రోజు నేల సూసినోడు కూడా నీ తమ్ముడే. అది నీకు తెలుసా?"

గౌరి నా వైపు చూసి, కంచం నా ముందు పెట్టి, అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

కనకరాజుకి గౌరి ఏమైనా చెప్పిందో లేదో నాకు తెలియదు. తర్వాత ఒకరోజు షిఫ్టు మారే వేళ అందరూ టీ దగ్గర ఉన్నారు. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, ప్రసాద్ గారు. మా షిఫ్టు కోసం అప్పుడే పైకెక్కిన కనకరాజు నిచ్చెన దిగి నేరుగా ఆయన ముందుకొచ్చాడు.

"సార్, ఆ రోజు మా బావ తాగనేదు. ఎప్పుడూ తాగడు. నాకు తెలుసు. కట్ట నా మీదకొచ్చీసినాది సార్, పేణం పోనాదనుకున్నాను. బయ్యంలో ఉన్నాను. మీరడిగితే తెల్దన్నాను. ఆ తరవాత కుర్చీ ఇచ్చినారు, ఇంక సెప్పనేదు."

ప్రసాద్ గారు గ్లాసు కింద పెట్టాడు.

"సరేనయ్యా. సన్యాసిరావు ఆ రోజు వేసుకుంది బిళ్ళలంట. అందరూ విన్నారుగా? అయిపోయిందా?"

"రెండు బిళ్ళలు!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. అందరూ విరగబడి నవ్వారు. ప్రసాద్ గారూ నవ్వాడు. కనకరాజు నవ్వలేదు. నా వైపు చూస్తూ నిలబడ్డాడు, నేనేదో అంటానని.

నేను వాడి పక్కనుంచి వెళ్ళి నిచ్చెన ఎక్కాను. ఎక్కడా ఆగకుండా ఎక్కాను. ఏడాది పొడుగునా నేను కోరుకున్న మాట వాడి నోటి నుంచి వచ్చింది. తియ్యగా ఉంటుందనుకున్నాను. ఎంత ఆలస్యంగా వచ్చిందో, అదొక్కటే తోచింది.

వాడు కొన్నాళ్ళు కింద సైగలు చేశాడు. చేతులు చూపించేవాడు, ముఖం చూపించేవాడు కాదు. మా ఇంటికి రావడం మానేశాడు. తర్వాత ఒకరోజు మిల్లుకే రాలేదు. గౌరి అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"పరవాడ కాడ ఏదో కంపెనీలో సేరీనాడంట. ఖలాసీగానే. నీకు సెప్పొద్దన్నాడు."

"మంచిది" అన్నాను.

"మంచిదేటి?"

నేను అన్నం కలుపుకున్నాను. తప్పు చేసినవాడు వచ్చి చెప్పుకోవాలి. అందరి ముందూ చెప్పాడు కదా అంటుంది గౌరి. ప్రసాద్ గారికి చెప్పాడు, నాకు కాదు అంటాను నేను. ఈ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

ఈ జబ్బు ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగినవి కొన్నే. మీకు చలేస్తోందంటే ఎవరు నవ్వినా రక్తపరీక్ష చేయించుకోండి. మగవాళ్ళయినా సరే. బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు చెప్పేదాకా కాదు, మీకు అర్థమయ్యేదాకా అడగండి. మీ పని వేళలు అడగకపోయినా చెప్పండి. నెమ్మదిగా బాగవుతుంది, కానీ అవుతుంది. ఒళ్ళయితే అవుతుంది. దాని చుట్టూ చెడిపోయినవాటికి ఏ బిళ్ళ ఉందో ఆ హాల్లో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నాకు సైగ చేసేది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్దవయసు మనిషి. మంచివాడే. వేలు తిప్పుతూ తిప్పుతూ మధ్యలో ముక్కు గోక్కుంటాడు. పిడికిలి బిగించాడో, చెయ్యి నొప్పెట్టి ముడిచాడో పైనుంచి తెలియదు. భుజం చూసి పోల్చుకోవడం నాకింకా రాలేదు. అందుకని ప్రతి కట్టనూ ఆగి ఆగి ఎత్తుతున్నాను. మొన్న నేను దిగేసరికి ప్రసాద్ గారు నిచ్చెన కింద నిలబడి ఉన్నాడు.

"ఏంటయ్యా సన్యాసిరావూ, అంత నెమ్మదిగా ఎత్తుతున్నావ్? ఇంకా తగ్గలేదా?"

"తగ్గింది సార్" అన్నాను. "కింద మనిషి కొత్త."